చెరువు గట్టు మీద ఇరవై పాయింట్లు

మా అక్క కొడుకు మదనపల్లె నుంచి వచ్చి బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, చెప్పులైనా విప్పకుండా, "మామా, మీ అపార్టుమెంట్లో చెత్త యాడుంది?" అన్నాడు. చెత్తకోసం ఇంత ఆత్రపడే మనిషిని ఈ పేటలో నేనింతవరకూ చూడలేదు.

తీరా చూస్తే వాడికి కావలసింది చెత్త కాదు, పాయింట్లు. సాంకేతిక విద్యను అజమాయిషీ చేసే ఏఐసీటీఈ 2018లో ఒక ఏర్పాటు చేసింది. దాని ప్రకారం విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద చదివే పిల్లలు నాలుగేళ్లలో సమాజానికి 100 పాయింట్ల మేలు చెయ్యాలి. చెయ్యకపోతే డిగ్రీ ఇవ్వరు. చేస్తే సీజీపీఏ పెరగదు. నిష్కామ కర్మ అంటే ఇదే. కాకపోతే గీతాచార్యుడికి తట్టని సంగతి ఒకటుంది, లాటరల్ ఎంట్రీ. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాడికి 75 చాలు. మిగతా పాతిక పాయింట్ల పుణ్యం పాలిటెక్నిక్‌లోనే అబ్బుతుంది కాబోలు.

ఏం చేస్తే పాయింట్లొస్తాయో జాబితా ఇచ్చారు. పల్లె ఆదాయం పెంచే వ్యాపార ప్రణాళిక, నీటి నిర్వహణ, చెత్త నిర్వహణ, నూటికి నూరు శాతం డిజిటల్ చెల్లింపులు, బడిపిల్లల్ని పైచదువుల్లో చేర్పించడం. జాబితా అయ్యేసరికి పంచాయతీకీ పార్లమెంటుకీ చేతిలో పనేమీ మిగల్లేదు. అన్నీ మూడో సెమిస్టరు కుర్రాడికే.

ఇక రుజువు ఫొటో. వట్టి ఫొటో సరిపోదు, దాని అడుగున అక్షాంశం, రేఖాంశం, తేదీ, టైము పడాలి. గుప్తదానం అన్న మాట ఇప్పుడు నిఘంటువులోనే ఉంది. ఉపగ్రహం చూడని పుణ్యం చెల్లదు.

నవ్వుతున్నాను గానీ నా రోజుల్లో మేం వెలగబెట్టిందీ అంతంతే. గాంధీ శతజయంతి ఏడాది, 1969లో పుట్టిన ఎన్.ఎస్.ఎస్.లో నేనూ ఉన్నాను. క్యాంపులో మేం వేసిన మట్టిరోడ్డు తొలకరికే చేలో కలిసిపోయింది. తిన్న ఉప్మా మాత్రం ఇంకా గుర్తుంది.

వాడి వెంట వర్తూరు చెరువు గట్టుకి వెళ్లాను. నలభై మంది పిల్లలు, నలభై జతల గ్లౌజులు, పోగైన చెత్తకంటే పొడుగైన ఫ్లెక్సీ. 2018లో హైకోర్టు చీవాట్లు పెట్టాక నగరపాలిక నిషేధించిన సరుకే అది, దాని మీద 'స్వచ్ఛత' అని కన్నడంలో, ఇంగ్లీషులో అచ్చేశారు. ఒక పిల్ల ప్లాస్టిక్ సీసా ఏరింది. ఫొటో సరిగా రాలేదని దాన్ని మళ్లీ నేలమీద పెట్టి మళ్లీ ఏరింది. ఒక్క సీసా, నలుగురి చేతుల మీదుగా నాలుగు సేవలు.

ఈ చెరువు సామాన్యమైంది కాదు. 2015లో దీని నురగ రోడ్డెక్కి, బైకుల మీదా మనుషుల మీదా మంచులా పడి ప్రపంచమంతా వార్త అయింది. ఎగువనున్న బెళ్ళందూరు చెరువైతే ఏకంగా తగలబడింది. 2018 జనవరిలో ఆ మంట ఆర్పడానికి సైన్యం రావలసి వచ్చింది. ఆ డిసెంబరులో హరిత ట్రిబ్యునల్ రాష్ట్ర ప్రభుత్వానికి 50 కోట్లు వడ్డించింది.

మావాడు సీసా సంచీలో పడేసి, "ఈ మురుగు యాణ్నించి వస్తాంది మేడమ్?" అని అడిగాడు.

కాలేజీ నుంచి వెంట వచ్చిన ఆ మేడమ్ మంచిదే. జాబితా ఒకసారి తిరగేసి, "అది మన యాక్టివిటీలో లేదు" అంది.

వాడు వదల్లేదు. ఇంటికొచ్చి ఇడ్లీ తింటూ, "మామా, ఆర్టీఐ వేస్తే ఎన్ని పాయింట్లు?" అన్నాడు. సున్నా అన్నాను. పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. కర్ణాటకలో అయితే దరఖాస్తు 150 మాటలు దాటకూడదు, ఒకే విషయం అడగాలి. సీసా ఏరినందుకు వాడు రాయాల్సిన రిపోర్టు పన్నెండు పేజీలు.

"ధర్నాకి పోతే?"

నగరంలో ధర్నాలన్నీ ఫ్రీడమ్ పార్కులోనే చేసుకోవాలని 2021లో పోలీసులు ఉత్తర్వు ఇచ్చారు. ఆ పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో వాజ్‌పేయినీ అద్వానీనీ పెట్టింది అక్కడే. ముందు జైలుకెళ్లి తర్వాత నినాదం ఇచ్చే సౌకర్యం ఇంకే ఊళ్లో ఉంది? మెట్రో పర్పుల్ లైను మొత్తం 2023 అక్టోబరులో తెరిచాక వైట్‌ఫీల్డ్ కాడుగోడి నుంచి ఆ హక్కు సుమారు గంట దూరంలోకి వచ్చింది. అంతకుముందు ట్రాఫిక్‌లో వెళ్లేసరికి ఆవేశం చల్లారేది.

ఆ ఉత్తర్వుకు ముందు మాత్రం? పౌరసత్వ సవరణ చట్టం మీద నిరసనలప్పుడు, 2019 డిసెంబరు 19న నగరంలో 144 సెక్షన్ పెట్టి, టౌన్‌హాల్ దగ్గర విద్యార్థుల్నీ, వాళ్లతోపాటు చరిత్రకారుడు రామచంద్ర గుహనీ పట్టుకెళ్లారు. ఆ 144 ఉత్తర్వు చెల్లదని హైకోర్టు చెప్పేసరికి ఫిబ్రవరి వచ్చింది. ఆ జనవరిలోనే ఇక్కడికి దగ్గర్లో, కరియమ్మన అగ్రహారలో, బంగ్లాదేశీయులని చెప్పి కూలీల గుడిసెలు కూల్చారు. చూస్తే వాళ్లలో ఉత్తర కర్ణాటక వాళ్లూ ఉన్నారు, చేతుల్లో ఆధార్ కార్డులూ ఉన్నాయి. దాన్నీ హైకోర్టు తప్పుపట్టింది. ఆరోజు ఆ గుడిసెలకు అడ్డంగా నిలబడిన విద్యార్థి ఉంటే వాడికి ఏ పద్దు కింద పాయింట్లు వేస్తారు? జేసీబీ నడిపినవాడికైతే చిక్కులేదు. చెత్త నిర్వహణ.

1989లో దేశం పద్దెనిమిదేళ్లకే ఓటు ఇచ్చింది. ఇంచుమించు అప్పుడే కర్ణాటక కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలు ఆపేశారు. మావాడు ఎంపీని ఎన్నుకోగలడు, హాస్టల్ మెస్ కార్యదర్శిని ఎన్నుకోలేడు.

అసలు వైట్‌ఫీల్డ్ అన్న ఈ ఊరి పేరే ఒక సంఘంవాడిది. డి.ఎస్. వైట్ అని, మైసూరు, కొడగుల ఆంగ్లో ఇండియన్ సంఘాన్ని పెట్టిన మనిషి. తనవాళ్లు సాగు చేసుకుని బతకడానికి చోటు కావాలంటే 1882లో మైసూరు మహారాజు 3,900 ఎకరాలిచ్చాడు. అప్పట్లో జీపీఎస్ కెమెరా లేదు కాబట్టి వైట్‌గారికి పాయింట్లు పడలేదు, ఊరు మాత్రం పడింది.

మావాడు చివరికి దరఖాస్తు రాశాడు. వర్తూరు చెరువులోకి శుద్ధి చెయ్యని మురుగు రోజుకెంత వస్తోంది, ఎవరి కాలువల నుంచి? 143 మాటలు అయ్యాయి. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి పంపాం. సీసా తాలూకు ఇరవై పాయింట్లు మర్నాడే పడ్డాయి. దరఖాస్తుకి ఇవాళ ముప్పై నాలుగో రోజు.