పదునారంగుళముల తగవు

తిరుపతి పట్టణమున భక్తితో పాటు వాదము కూడ సుప్రభాతవేళకే మేల్కొనును. అలిపిరి త్రోవలో నేను ప్రతిదినము కాఫీ త్రాగు అంగడి ముందర, నామమునకు పాదముండవలెనా వలదా యని తెంగలై వడగలైలు వాదులాడుకొన్న కాలమును తలపునకు తెచ్చు తగవొకటి రెండేండ్లుగా నడచుచున్నది. ఒక పక్షమువారు పొట్టి బండివారు. రెండవ పక్షమువారు పొడుగు బండివారు. నాలుగు చక్రములకును ఇంజను బలమందునట్లు, దారి లేని చోట దారి చేసికొని పోవునట్లు నిర్మింపబడిన వాహనములు ఉభయులకును కలవు. దారి లేని చోటికి పోయినవాడు మాత్రము గత వేసవివరకు ఉభయపక్షములందును లేడు.

తగవునకు మూలము ముందు ఇరుసు నడిమికిని వెనుక ఇరుసు నడిమికిని గల దూరము. దానిని వారు వీల్‌బేస్ అందురు. ఎద్దులబండ్ల నడుమ పెరిగినవాడను గనుక నేను ఇరుసుల యెడమందును. మహీంద్రావారి మూడు తలుపుల థార్‌కు ఈ యెడము 2,450 మిల్లీమీటర్లు. 2024 ఆగస్టులో వెలువడిన అయిదు తలుపుల థార్ రాక్స్‌కు 2,850. భేదము 400, అనగా పదునారంగుళములకు రవంత తక్కువ. ఈ అంకెలను వారు సహస్రనామమువలె కంఠస్థము చేసి, ఒక్క మిల్లీమీటరు జారకుండ వల్లింతురు. అదే నోటిని ఇంటి గేటు వెడల్పెంత యని యడిగిన “చూడలేదు సామీ” అని బదులు వచ్చును.

చిత్తూరు వైపు తోతాపురి తోటలు గల నా మేనల్లుడు బండి కొనదలచి, కొనుటకు ముందు జ్ఞానము సంపాదింపవలెనను దురాశతో ఒకనాడా యంగడికి వచ్చినాడు. “పొట్టిదైతే యాడికైనా ఎక్కతాది, కొండకు అదే కరెక్టు” అని ఒక పక్షము. “ఎక్కితే సరిపోయిందా? పొడుగుదైతే ఎగువలో మూతి లేపకుండా పోతాది” అని మరియొక పక్షము. ఇరుపక్షములవారును కొండ, కొండ యనిరే కాని ఏ కొండయో చెప్పలేదు.

మాకున్న కొండ సంగతి లోకవిదితము. దానికి 1944 ఏప్రిల్ 10వ తేదీన మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించిన మొదటి ఘాటు రోడ్డు కలదు. అది చాలక 1974లో రెండవది వెలసినది. నేడు క్రొత్త దారిన ఎక్కి పాత దారిన దిగుచున్నాము. ఆ పాతదారి హెయిర్‌పిన్ మలుపులను, ఈ పక్షములవారి బండ్లలో దేనికంటెను ఎంతో పొడవైన సప్తగిరి బస్సు, గోవిందనామములతో నిండి, పగలును రాత్రియు దిగివచ్చుచునే యున్నది. దాని ముందు చక్రములకు ఇంజను బలమందదు. దాని డ్రైవరు ఇరుసుల యెడమును గూర్చి ఉపన్యసింపగా నేనెన్నడును వినలేదు. పైగా ఆ దారిలో పరాక్రమము నేరము: ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు పట్టకముందే గమ్యము చేరినవానికి జరిమానా తప్పదు. ఇంత సాధువైన తారు రోడ్డుమీద లో-రేంజి గేరు మీటను కదల్పవలసిన యక్కర తమకెన్నడును కలుగలేదని ఉభయపక్షములవారును వేర్వేరుగా, రహస్యముగా, నాతో ఒప్పుకొనిరి. ఒకని బండిలో, కాణిపాకమున వాహనపూజనాడు ఆ మీటకు కట్టిన నిమ్మకాయ ఎండి నల్లబడి ఇంకను అట్లే వ్రేలాడుచున్నది.

తారు విడిచి శేషాచలపుటడవిలోనికి పోవుదమందురా, అందు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయోద్యానము వెలసినది; 2010లో శేషాచలము బయోస్ఫియర్ రిజర్వుగ ప్రకటింపబడినది. అనుమతి లేనిదే చక్రము మోపరాదు. ఆ యడవిలో నిజముగ తిరుగువారు కలరు: అన్నమయ్య నడిచెనని చెప్పుకొను మామండూరు దారి నెరిగినవారు, బీటు కాయు ఫారెస్టు గార్డులు, ఎర్రచందనపు దుంగలను చీకటిమాటున భుజములమీద మోసికొనిపోవు కూలీలు. ధర్మాధర్మములలో వీరికెంత భేదమున్నను వాహనవిషయమున మాత్రము ఏకాభిప్రాయము కలదు. వీరి వాహనమునకు ఇరుసులే లేవు.

పొట్టితనమే పవిత్రమను వాదమునకు చరిత్ర యేమనుచున్నదో చూడుడు. 1940లో అమెరికా సైన్యము తనకు కావలసిన చిన్న బండికి లక్షణములు వ్రాయుచు, ఇరుసుల యెడము 75 అంగుళములకు మించరాదని శాసించి, పిమ్మట 80 అంగుళములకు ఒడంబడినది. ఆ 80 అంగుళముల విల్లీస్ జీపునే 1947 నుండి మహీంద్రావారు మనదేశమున కూర్చి అమ్మసాగిరి. 80 అంగుళములనగా 2,032 మిల్లీమీటర్లు. అనగా నేటి పొట్టి బండి తన తాతకంటె 418 మిల్లీమీటర్లు పొడుగు. పొడుగు బండి ఆ పొట్టిదానికంటె 400 మాత్రమే పొడుగు. తాతను మించి సాగిన మనుమడు, తనకంటె కొంచెము సాగిన తమ్ముని చూచి వంశము చెడినదని వగచుట మా యంగడి ముందర దినమును జరుగుచున్నది. ఆంగ్లేయులు 1948లో ల్యాండ్ రోవర్‌ను అదే 80 అంగుళములతో మొదలిడి, రానురాను పొట్టిని పొడుగును రెంటిని చేసి, అంగుళములనే వానికి పేర్లుగ పెట్టిరి. అందు తొంబది యను దానిని కొలిచిన 92.9 వచ్చును. రాజ్యమేలిన జాతికి టేపు పట్టుట రాదనలేము. పేరు చెవికి గుండ్రముగ వినబడవలెనని వారెరుగుదురు.

సుజుకీవారి జిమ్నీ కథ ఇంతకంటె రుచికరము. మూడు తలుపుల జిమ్నీకి యెడము 2,250. అదియే మనదేశమున 2023 జూన్‌లో అయిదు తలుపులతో 2,590గ వచ్చినపుడు, పొట్టి పక్షము “సాగదీసి చెరిపినారు” అని తీర్పు చెప్పెను. పొడుగు పక్షము “ఇదీ ఒక పొడుగేనా” అని నవ్వెను. మనదేశముననే తయారైన ఆ సాగదీసిన బండిని 2025 జనవరి చివర జపానులో అమ్మజూపగా, జిమ్నీకి పుట్టినిల్లైన ఆ దేశమున నాలుగైదు దినములలో సుమారు 50,000 ఆర్డర్లు వచ్చిపడి, కంపెనీ ఇక చాలునని తలుపు మూసికొనవలసి వచ్చెను. ఈ వార్త తెలిసిన నాడు మా యంగడిలో ఎవరును జపాను పేరెత్తలేదు. ఆ దినము చర్చ టైర్లమీద జరిగినది.

మేనల్లుని నేను ప్రక్కకు పిలిచి, నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పితిని. చిన్ననాట మా ఎద్దులబండి చెరువుగట్టు దాటుచుండగా ఎన్నిమార్లో చూచితిని. దానికొకటే యిరుసు, గట్టుకొప్పు దాని పొట్టకు తగులుట యనునది లేదు. రెండవ యిరుసు పుట్టిననాడే ఈ తంటా పుట్టినది. రెండిరుసుల నడుమ పొట్ట వ్రేలాడును; ముందు చక్రములు అవతలికి దిగి, వెనుక చక్రములు ఇవతలనే యుండగా గట్టు వచ్చి పొట్టను పొడుచును. గట్టు వంపును వృత్తఖండమనుకొన్నచో, పొట్టక్రింద కావలసిన ఖాళీ ఇరుసుల యెడము యొక్క వర్గమును బట్టి పెరుగును. కావున 2,450ని 2,850 చేసినపుడు పొడవు నూటికి 16 వంతులే పెరిగినను, అదే గట్టును తగులక దాటుటకు వలయు ఖాళీ నూటికి 35 వంతులు పెరుగును. మలుపులో లెక్క ఇంత క్రూరము కాదు: చక్రములు అదే కోణమున తిరిగినచో, యెడమెంత పాలు పెరిగెనో బండి తిరుగు వృత్తమును అంతే పాలు పెరుగును. బ్రహ్మోత్సవములలో మాడవీధి మూల రథము తిరుగుట చూచినవానికి ఈ సూత్రము వేరుగ చెప్పనక్కర లేదు. బిగించిన యిరుసుల ఆ మహారథమును, చక్రములక్రింద చెక్కలిడి, మోకులు పట్టి, గోవిందా యని వేయి గొంతులు మ్రోగగా కొంచెము కొంచెముగ త్రిప్పుదురు. అంతమంది చేతులు తోడున్నవానికి ఎంత పొడుగైనను దోషము లేదు.

పొడుగునకు గుణములు లేవనుట అన్యాయము. నిట్టెగువలో బరువంతయు వెనుకకు జారుచుండ, పొడవైన యెడము ముందు చక్రములను నేలనంటి యుంచును. పొట్టిదానికి ముందుకాళ్లు తేలిక పడును. గతుకులలో పొట్టి బండి మేకపిల్లవలె గంతులిడగా, తిరుపతినుండి చిత్తూరు వరకు గల సుమారు 70 కిలోమీటర్లును వెనుక సీటున కూర్చున్న వృద్ధురాలు తన వెన్నుపూసలను ఒక్కొక్కటిగ లెక్కించుకొనవచ్చును. ఇక బండి మూతి గట్టున గ్రుచ్చుకొనుట, తోక రాతికి గీరుకొనుట చక్రములకు అవతలికి పొడుచుకొనివచ్చిన భాగముచేత కలుగు బాధలు. ఇరుసుల యెడమునకు వానితో పొత్తు లేదు. మా పక్షములవారు మూతి చేసిన తప్పును నడుమునకు అంటగట్టి రెండేండ్లుగా పోట్లాడుచున్నారు.

“నీ తోట దారిలో గట్లెన్ని? వంకలోకి దిగే చోట ఒడ్డెంత నిటారుగా ఉంది? గోవిందరాజస్వామి గుడి సందుల్లో మీ అత్తగారింటి మలుపు ఎంత ఇరుకు? వెనుక సీట్లో ఎవరు కూర్చుంటారు? ఈ నాలుగు చూసుకొని రారా” అంటిని. వాడు మర్యాదగ అంతయు విని, “అదంతా ఎవురు చూస్తారు మామా? దాని ముందర నిలబడితే మనిషి ఎట్లుంటాడో అది చెప్పు” అన్నాడు.

ఇన్నాళ్ల వాదములో నాకు వినబడిన మొదటి సత్యవాక్యమిది. మా సీమను గూర్చిన తెలుగు చలనచిత్రములలో సుమోలు వరుసగ వచ్చి, గాలిలోనికెగిరి, పల్టీలు కొట్టిన కాలమొకటి యుండెను. గాలిలో నెగురు బండికి ఇరుసుల యెడముతో పనిలేదు. పడుచోట కెమెరా యుండిన చాలును. నేడు ఆ కెమెరా ప్రతివాని జేబులోనికి వచ్చినది. పొట్టితనమునకును పని పోయి చూపు మాత్రము మిగులు ఇదే గతి పట్టినది. మెట్టప్రాంతపు కొరగడ్డితో బ్రతుకుటకు అనువుగ, కొద్ది మేతకు తగిన కొద్ది దేహముతో పెంపొందిన మా పుంగనూరు ఆవు, 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట మేత మేసిన చిత్రములు వెలువడినపిమ్మట, మేత కొరత యెరుగని మేడలలో ముద్దులాడు బొమ్మయైనది.

గత వేసవిలో ఒక ఆదివారము పక్షములు రెండును పరీక్షకు సిద్ధపడి, నన్ను మధ్యవర్తిగ వెంటబెట్టుకొని, చంద్రగిరి దాటి స్వర్ణముఖి ఇసుకకు పోయినవి. పొట్టి బండి ఇసుకలో పది గజములు పోయి, ఇరుసుల మట్టునకు కూరుకొనినది. పొడుగు బండి దానిని లాగుటకై అడ్డదారిన గట్టెక్కి, గట్టుమీద పొట్ట ఆనించి, చక్రములు ఊరక తిరుగుచుండ త్రాసువలె ఊగినది. తప్పు బండ్లది కాదు. ఇసుకలో దిగుటకు ముందు టైర్లలో గాలి కొంత తీసివేయవలెనని ఒకడును, గట్టెక్కుటకు ముందు దిగి అవతలివైపు చూడవలెనని రెండవవాడును తలపలేదు. ప్రక్క మామిడితోటనుండి ట్రాక్టరు వచ్చువరకు, ఎవరు ముందు చిక్కుకొనిరను విషయమై వారు వాదించుకొనుచునే యుండిరి.

మేనల్లుడు తుదకు పొడుగు బండి కొన్నాడు. నెల తిరుగకముందే తోటగట్టు దాని పొట్టకు తగిలినది. బండి మార్పులను గూర్చిన మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను మాట నేనెత్తినను లక్ష్యపెట్టక, ఒక షెడ్డులో స్ప్రింగులు మార్పించి బండిని రెండంగుళములు పైకెత్తించినాడు. గట్టు తప్పినది కాని, వాని అత్తగారు ఎక్కలేకపోయినది. అందుకై టేకుతో ఒక ముక్కాలిపీట చేయించినారు. మొన్న తిరుచానూరికి పోవునపుడు ఆమె దానిమీద కాలిడి ఎక్కి కూర్చుండగా, అల్లుడు పీటను తీసికొని వెనుకకు పోయి, తలుపు తెరచి, అడ్డముగ నొకమారు నిలువుగ నొకమారు పెట్టిచూచి, “పొట్టి బండైతే ఇది పట్టేదే కాదు మామా” అని సంతృప్తితో తలుపు మూసినాడు.