నేను నరసాపురం లేసు సూదిని

కుట్టుసూదికి బెజ్జం ఉంటుంది, నాకు లేదు. నా మొనకు చిన్న కొక్కెం ఉంది. ఆ కొక్కేనికి దారం తగిలించి, అంతకుముందు వేసిన కుట్టులోంచి లాగితే కొత్త కుట్టు పుడుతుంది. నాకు తెలిసిన పని అదొక్కటే. దాంతోనే మా ఊళ్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది, పిల్లల ఫీజులు కట్టారు, తాకట్టులో ఉన్న గాజులు ఇంటికొచ్చాయి.

నా పుట్టుక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక మిల్లీమీటరు మందం స్టీలు కడ్డీకి మొన దగ్గర గాడి కోశారు, బొటనవేలు ఆనడానికి మధ్యలో కాస్త నొక్కారు, నున్నగా మెరుగుపెట్టారు. నా అసలు జీవితం వశిష్ఠ గోదావరి ఒడ్డున నరసాపురంలో, కొత్తగా కాపురానికి వచ్చిన ఒక కోడలి చేతిలో మొదలైంది.

క్రోషే అనే ఈ అల్లిక ఇక్కడ పుట్టింది కాదు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు డెల్టాలోని పేద ఆడవాళ్లకు బతుకుతెరువుగా నేర్పారు. 1845 నుంచి కొన్నేళ్లపాటు ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్లిపోయి జనం ఆకలితో చచ్చిపోతున్నప్పుడు అక్కడి ఆడవాళ్లూ క్రోషే అల్లి ఇళ్లు నిలబెట్టుకున్నారు. మా జాతి సూదులు ఎక్కువగా కష్టం వచ్చిన గడపలే తొక్కాయి. దానికి నేను గర్వపడతాను.

మా వీధిలో పని పంచుకుని చేసేవారు. ఒకరు పువ్వులు అల్లితే అది చేతిపని. ఇంకొకరు అంచులు అల్లితే అది కాజాకట్టు. మరొకరు పువ్వులన్నీ కలిపి బల్లగుడ్డో, దిండుగలీబో చేస్తే అది అతుకుపని. నన్ను పట్టుకున్నావిడది అతుకుపని. దారం ఏజెంటు తెచ్చేవాడు, అల్లింది అతనే పట్టుకుపోయేవాడు. అది ఏ దేశంలో ఏ బల్లమీద పరుస్తారో ఆమెకు తెలియదు. వంట, అంట్లు, పిల్లలు, పశువులు అన్నీ అయ్యాక అరుగుమీద కూర్చుని దీపాలు పెట్టేదాకా అల్లేది. విద్యుత్తు వచ్చాక దీపాలు పెట్టాక కూడా అల్లేది.

ఒకసారి జనాభా లెక్కలవాళ్లు వచ్చారు. “ఇంటావిడ ఏం పని చేస్తారండీ?” అని అడిగారు. “ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది” అన్నాడు ఆమె భర్త. అప్పుడు నేను ఆమె చేతిలోనే ఉన్నాను. సగం అతికిన బల్లగుడ్డ ఆమె ఒళ్లో ఉంది. రాసుకునేవాడు చూశాడు కూడా. అయినా రాయలేదు. ఆమె తలెత్తలేదు, కుట్టు మాత్రం బిగుసుకుంది. నా ఒంటికి తెలిసింది.

ఈ సంగతి పట్టించుకుని రాసినవాళ్లు లేకపోలేదు. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ మా ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అనే పుస్తకం తెచ్చింది. ప్రపంచ మార్కెట్టుకు సరుకు చేస్తున్నవాళ్లకు ‘గృహిణి’ అని పేరు పెట్టడం వల్ల వాళ్ల పని తీరిక కాలక్షేపంగా కనబడుతోందనీ, కూలి అంత తక్కువగా ఉండడానికి అదే దారి చేస్తోందనీ ఆమె చూపించింది. ఊళ్లో చాలామందికి ఆ పుస్తకం సంగతే తెలియదు. నా యజమానురాలికీ తెలియదు.

తరవాత ఆమె కళ్లకు పొరలు కమ్మాయి. మిషను లేసు చవగ్గా దిగబడింది. ఏజెంటు రావడం తగ్గి, చివరికి మానేశాడు. నన్ను బిస్కెట్ల రేకుడబ్బాలో వేశారు. గుండీలు, తెగిన జిప్పులు, ఎవరివో పాత తాళంచెవులు, వాటి మధ్య నేను. మొదట్లో మూత తీసిన చప్పుడైతే నాకోసమే అనుకునేదాన్ని. గుండీ తీసుకుని మూత పెట్టేసేవారు.

అలా వదిలేసినా బాగుండేది. ఒకరోజు కొడుకు నన్ను తీసి కిరసనాయిలు స్టవ్వు బర్నరులో పొడిచాడు. మసి నా గాడిలోకి దిగింది. మరోసారి సింకు గొట్టంలో ఇరుక్కున్న మెతుకులు లాగడానికి వాడారు. కడగలేదు, తుడవలేదు, కిటికీలో పడేశారు. సముద్రం దగ్గర ఊరు, గాలిలో ఉప్పు. నా స్టీలు ఆ తడికి తట్టుకోలేదు. తుప్పు మొదట గాడిలో పట్టింది, నా పనంతా ఎక్కడుందో అక్కడే. తుప్పు పట్టిన సూది దారాన్ని పీకుతుంది, తెల్లదారానికి మరక చేస్తుంది. అంటే నేనిక సూదిని కాను, ఒట్టి ఇనుపపుల్లని. వంకీ తిరిగిన మేకు మీద కూడా ఎవరికైనా కాస్త ఆశ ఉంటుంది, సాగగొడితే పనికొస్తుందని. నామీద ఆ ఆశ కూడా లేకపోయింది. పాత సామాను కొనేవాడు వస్తే నన్నూ ఇచ్చేద్దామనుకున్నారు. ఎండలో కిటికీ గట్టు మీద పడి ఆ మాట విన్నాను. ఇంటిల్లిపాదీ నా కూలి తిన్నవాళ్లే.

నన్ను అక్కణ్ణుంచి తీసింది మనవరాలు.

“మామ్మా, ఎర్ర పుట్టగొడుగు అల్లాలి. చెట్టుకి వేలాడదీసే బొమ్మ. నువ్వు నేర్పాలి.”

“ఎర్రదేంటే? మన పుట్టల మీద లేచేవన్నీ తెల్లవేగా.”

“మనది కాదు మామ్మా. చలిదేశాల అడవుల్లోది. తింటే విషం. జర్మనీ వాళ్లు మాత్రం దాన్ని అదృష్టం అనుకుంటారు, క్రిస్మస్ చెట్టుకి కడతారు.”

“విషమైతే తినకూడదు గానీ, అల్లకూడదా? ఆ సూది ఇలా తే.”

ముసలి వేళ్లు చూపు అవసరం లేకుండానే నా తుప్పుని గుర్తుపట్టాయి. సన్నటి గరుకుకాగితంతో రుద్ది, కొబ్బరినూనె రాసి, గుడ్డతో తుడిచి, దారపు ముక్క ఒకటి గాడిలోంచి లాగి చూసింది. ఎక్కడా పట్టుకోలేదు. “పనికొస్తుంది” అంది. ఆ ఒక్క మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో!

ఆ పుట్టగొడుగు పేరు అమానిటా మస్కేరియా. బర్చ్, పైన్ చెట్ల అడుగున మొలుస్తుంది. ఎర్ర గొడుగు మీద తెల్లచుక్కలు, లేతప్పుడు దాన్ని కప్పి ఉంచిన పొర చిరిగి మిగిలిన ముక్కలు. మనవరాలు ఫోనులో చూసి చెబుతుంటే మామ్మ వింటూ అల్లించింది. దారంతో ఉంగరం చుట్టి అందులో ఆరు కుట్లు. తరవాతి వరుసలో పన్నెండు, ఆపైన పద్దెనిమిది, ఇరవై నాలుగు. ఇలా వరుసకి ఆరు పెంచుకుంటూ పోతే బిళ్ల చదునుగా వస్తుంది. అంతకు మించి పెంచితే అంచు ముడతలు పడుతుంది. పెంచడం ఆపి అల్లితే అంచు కిందికి వంగి గొడుగవుతుంది.

మనవరాలు లేసులాగే వదులుగా అల్లబోతే మామ్మ వేలితో తడిమి ఆపింది. “లేసుకి కన్నమే అందమమ్మా. దీనికి కన్నం కనబడితే దూది బయటికొస్తుంది. బిగించు.” తెల్లదారంతో కాడ అల్లి, పైకొచ్చేసరికి వెడల్పు చేసి గొడుగు కింది బిళ్లగా మార్చారు. ఎర్రదారం రంగు దిగితే తెలుపు పాడవుతుందని తడిగుడ్డతో ముందే నొక్కి చూశారు. గొడుగు అంచుకీ బిళ్ల అంచుకీ కుట్ల లెక్క సరిపోయాక, మధ్యలో దూది కూరి, రెండూ కలిపి అల్లడం మామ్మ తనే తీసుకుంది. అతుకుపని మరి. ముడికుట్లతో తెల్లచుక్కలు మాత్రం మనవరాలు వేసింది.

పని అయ్యాక ఆ పిల్ల ఇంకో సంగతి చదివి వినిపించింది. మనకు కనబడే గొడుగు కొద్దిరోజులే ఉంటుంది. అసలు జీవి మట్టిలో సన్నటి పోగుల వలగా చెట్ల వేళ్లను అల్లుకుని ఉంటుంది. చెట్టుకి నీళ్లూ ఖనిజాలూ అందిస్తుంది, చెట్టు దానికి చక్కెర ఇస్తుంది. వింటుంటే మా వీధే గుర్తొచ్చింది. బయటి దేశాల దుకాణంలో లేసు కనబడుతుంది, దాన్ని పోషించిన అరుగులు కనబడవు. కాకపోతే అడవిలో చెట్టు తన వంతు ఇస్తుంది. మా ఆడవాళ్లకు ఆ వంతు ఎప్పుడూ సరిగా రాలేదు.

2024లో నరసాపురం క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఊరి పేరు కాగితం మీదికెక్కింది, ఇక కూలి కూడా ఎక్కాలి. మిషను లేసు చూడ్డానికి ఇలాగే ఉండొచ్చు గానీ, కొక్కెంతో కుట్టులోంచి కుట్టు లాగే ఈ అల్లికను చేతిలా చేసే మిషను మార్కెట్టులోకి రాలేదు. కాబట్టి నిజమైన క్రోషే ఎక్కడ కనబడినా, అరచేతిలో పట్టే పుట్టగొడుగైనా సరే, ఎవరో ఒక మనిషి గంటలు కూర్చుని అల్లిందే. బేరమాడే ముందు ఆ గంటల సంగతి అడగండి.

మనవరాలు ఒక నోటుపుస్తకం పెట్టింది. ఒక్కో బొమ్మకి ఎంతసేపు పట్టిందో అందులో రాస్తోంది, తన గంటలు ఒక వరుసలో, మామ్మవి ఇంకో వరుసలో. ధర కట్టేది ఆ లెక్కతోనే.