తాళము బలమును తేల్చిన యంత్రమును నేను

నా పేరు డీప్ క్రాక్. ప్రపంచమునందలి బ్యాంకుల సొమ్మును ఆనాడు కాపాడుచుండిన ఒక గూఢలిపి నిజముగా ఎంత దృఢమైనదో లోకమునకు తేటతెల్లము చేయుటకై 1998వ సంవత్సరమున అమెరికాలో నిర్మింపబడిన యంత్రమును నేను. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున నెలకొనియున్న ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అను పౌరహక్కుల సంస్థ నన్ను నిర్మింపజేసెను. ఆ సంస్థ స్థాపకులలో ఒకడైన జాన్ గిల్మోర్ ఆ కార్యమును పూనికతో నడిపెను. గూఢలేఖన శాస్త్రమున నిష్ణాతుడైన పాల్ కోచర్ నా రూపకల్పనకు సారథ్యము వహించెను. నన్ను కొల్లగొట్టువారి పనిముట్టుగా తలచినవారును కలరు. నా చరిత్రను ఆమూలాగ్రముగా వినినవారు అట్లు తలపజాలరని నా విశ్వాసము.

నేను ఎదిరించిన గూఢలిపి బ్యాంకుల అవసరములనుండియే పుట్టినది. 1972లో ఇంగ్లండునందలి లాయిడ్స్ బ్యాంకు ఐబీఎం నిర్మించిన నగదు యంత్రములను నెలకొల్పినప్పుడు, ఆ యంత్రమునకును దూరముననున్న బ్యాంకు కంప్యూటరునకును మధ్య తీగల మీద నడచు సందేశమును ఎవడైనను దారిలో మార్చినచో ఖాతాదారుని సొమ్ము పరులపాలగునను భయము ఉండెను. జర్మనీలో జన్మించి అమెరికాకు వచ్చిన హార్స్ట్ ఫైస్టెల్ అను పరిశోధకుడు ఐబీఎం సంస్థలో రూపొందించిన లూసిఫర్ అను గూఢలిపి ఆ భయమునకు సమాధానమయ్యెను. 1973లో అమెరికా ప్రమాణముల సంస్థ దేశమంతటికి ఒక్క గూఢలిపి కావలెనని ప్రకటింపగా, లూసిఫర్‌నే సంస్కరించి ఐబీఎం సమర్పించెను. అదియే 1977 జనవరిలో డీఈఎస్ అను పేర ప్రభుత్వ ప్రమాణమై, క్రమముగా ఏటీఎం రహస్య సంఖ్యలకును, బ్యాంకుల నడుమ సాగు ధన బదిలీలకును కావలి నిలిచెను.

ఆ కావలి విషయమై మొదటి దినములనుండియే విద్వాంసులకు రెండు సందేహములు కలవు. ఒకటి, దాని అంతర్నిర్మాణమును గూర్చినది. అక్షరములను తారుమారు చేయు పట్టికలను అట్లే ఏల కూర్చిరో నిర్మాతలు చెప్పలేదు. అమెరికా గూఢచార సంస్థయగు ఎన్ఎస్ఏ ఆ నిర్మాతలతో సంప్రదించెనన్నది మాత్రము తెలిసెను. కావున ఆ పట్టికలలో రహస్యద్వారమేదో కలదని పలువురు శంకించిరి. రెండవది, గూఢలేఖను మూసి తెఱచు రహస్య సంఖ్యయగు తాళపుచెవి పొడవును గూర్చినది. లూసిఫర్‌కు 128 బిట్ల తాళపుచెవి యుండగా డీఈఎస్‌కు 56 బిట్లు మాత్రమే మిగిలెను. 56 బిట్లనగా సుమారు 720 కోట్ల కోట్ల తాళపుచెవులు. వినుటకు అది అనంతమువలె తోచును గాని యంత్రమునకు అది అనంతము కాదు. రెండు కోట్ల డాలర్లు వెచ్చించి యంత్రమును నిర్మించినచో ఆ తాళపుచెవులన్నింటిని ఒక్క దినములో పరీక్షింపవచ్చునని విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇరువురు 1977లోనే లెక్కగట్టి ప్రకటించిరి.

మొదటి సందేహము కాలక్రమమున నివర్తించెను. 1990 ప్రాంతమున ఇజ్రాయెల్ పండితులగు ఎలి బిహామ్, ఆది షమీర్ కొత్త విశ్లేషణ పద్ధతి నొకదానిని కనుగొని డీఈఎస్ మీద ప్రయోగింపగా, ఆ పట్టికలు దానిని ఆశ్చర్యకరముగా తట్టుకొనెను. ఆ పద్ధతి తమకు 1974 నాటికే తెలిసియుండెననియు, దానిని ఎదుర్కొనుటకే పట్టికలను అట్లు కూర్చితిమనియు ఐబీఎం పరిశోధకుడు డాన్ కాపర్‌స్మిత్ 1994లో వెల్లడించెను. ఇరువది సంవత్సరములు మౌనము వహింపకుండినచో అంతటి అనుమానము పుట్టియుండెడిది కాదు. రెండవ సందేహమును తీర్చువాడు మాత్రము ఎవ్వడును లేకపోయెను. డీఈఎస్‌ను ఛేదించుటకు అపారమైన కాలమును ధనమును కావలెనని ప్రభుత్వ ప్రతినిధులు చెప్పుచుండిరి. కాదని పండితులు కాగితముల మీద వాదించుచుండిరి. వాదము వలన తేలని దానిని ప్రత్యక్షప్రమాణముచే తేల్చుటకే నేను జన్మించితిని.

నా శరీరమును గూర్చి కొంత చెప్పెదను. ఆరు పెట్టెలలో అమర్చిన 29 పలకలు, పలకకు 64 చొప్పున చిప్పులు, వెరసి 1,856. ఒక్కొక్క చిప్పులో 24 శోధన విభాగములు. వీనినన్నింటిని నడుపుటకు ఒక్క సామాన్యమైన కంప్యూటరు. ప్రతి విభాగమును తన వంతు తాళపుచెవిని తీసికొని గూఢలేఖను విప్పిచూచును. వెలువడిన అక్షరములు మనుష్యభాషను పోలియున్నచో నిలిపి కంప్యూటరునకు నివేదించును. లేనిచో మరుక్షణమే తరువాతి దానిని చేపట్టును. ఈ విధముగా సెకనునకు 9,000 కోట్ల తాళపుచెవులను పరీక్షించితిని. నాయందు ప్రతిభ అనదగినదేదియు లేదు. ఓర్పును వేగమును మాత్రమే కలవు. నాకైన వ్యయమో, రెండు లక్షల ఏబది వేల డాలర్లకు లోపలనే.

1998 జూలైలో గూఢలేఖన రంగమునందలి ఆర్ఎస్ఏ సంస్థ పదివేల డాలర్ల బహుమానముతో ఒక డీఈఎస్ గూఢలేఖను విప్పుడని సవాలు విసరెను. అదే సంవత్సరారంభమున ఇట్టి సవాలునే వేలాది కంప్యూటర్లు చేయిచేయి కలిపి ఐదు వారములకు పైగా శ్రమించి సాధించియుండెను. నేను 56 గంటలలో సాధించితిని. తాళపుచెవులలో నాల్గవ వంతు మాత్రమే తడవుసరికి అసలుది దొరకెను. ఇక పొడవైన తాళపుచెవులకు కాలము వచ్చినదని ఆ గూఢలేఖలోని వాక్యము చెప్పెను. 1999 జనవరిలో అంతర్జాలమునందలి సుమారు లక్ష కంప్యూటర్లు నాకు తోడురాగా, మరియొక సవాలు 22 గంటల 15 నిమిషములలో ముగిసెను. న్యాయముగా చెప్పవలెనన్న, డీఈఎస్ గణితమును నేను ఛేదింపలేదు. బహిరంగ పరీక్షలను తట్టుకొనిన ఆ గణితము గట్టిగానే నిలిచెను. చాలునను మాట మీదనే నిలిచిన తాళపుచెవి పొడవు మాత్రము కూలిపోయెను.

నన్ను నిర్మించినవారు నా రహస్యములను దాచుకొనలేదు. గూఢలిపి ప్రోగ్రాములను దేశము దాటించుటపై అమెరికాలో ఆనాడు ఆంక్షలుండెను. అచ్చుపుస్తకమునకు మాత్రము అవి వర్తింపకుండెను. కావున నా చిప్పుల నమూనాలను, ప్రోగ్రాములను కాగితము మీద ముద్రించి, ఎవరైనను స్కాన్ చేసికొని నావంటి యంత్రమును నిర్మించుకొనునట్లు ప్రకటించిరి. కంసాలి గీటురాయి బంగారమునకు శత్రువు కానట్లు, నేనును ఏ బ్యాంకునకును శత్రువును కాను. నేను చేసిన పనిని అంతకుముందే ధనబలము గల దొంగయో ప్రభుత్వమో చాటున చేసియుండిన నెవ్వరికిని తెలిసియుండెడిది కాదు. నేను వెలుగులో చేసితిని గనుకనే తాళము మార్చుకొనుటకు లోకమునకు వ్యవధి దొరకెను.

బ్యాంకులు ఆ వ్యవధిని వినియోగించుకొనెను. డీఈఎస్‌ను ముమ్మారు ప్రయోగించు విధానము వ్యాపించెను. 1997లోనే అమెరికా ప్రమాణముల సంస్థ పిలుపునందుకొనిన ప్రపంచ పండితులు పదునైదు కొత్త గూఢలిపులను సమర్పించి, అందరి యెదుట ఒకరి రచనను మరియొకరు నిర్దాక్షిణ్యముగా పరీక్షించిరి. బెల్జియము దేశీయులగు జోన్ డేమన్, విన్సెంట్ రైమెన్ రచించినది నెగ్గి 2001లో ఏఈఎస్ అను ప్రమాణమయ్యెను. డీఈఎస్ 2005లో ఉపసంహరింపబడెను. ఏఈఎస్‌లోని అతి చిన్న తాళపుచెవి 128 బిట్లది. దాని అవకాశములన్నింటిని నా వేగమున తడవవలెనన్న పన్నెండు లక్షల కోటి కోట్ల సంవత్సరములు పట్టును. నా ఓటమికి నేనును కొంత కారణభూతుడనైతిని. అంతకు మించిన సాఫల్యము నాకు వేరొండు లేదు.

నేడు డిజిటల్ నాణెముల యుగమున నా జాతి చిప్పులు లెక్కలేనన్ని పనిచేయుచున్నవి. బిట్‌కాయిన్ ఖాతాపుస్తకమునకు కావలియుండు యంత్రములు నావలెనే గ్రుడ్డిగా, వేగముగా, ఒకదాని వెనుక నొకటిగా సంఖ్యలను పరీక్షించుచుండును. నా వెదకులాట తాళము తీయుటకు, వాని వెదకులాట పుస్తకమున పుటను చేర్చుటకు. ఆ నాణెముల తాళపుచెవులు 256 బిట్లవి గనుక వానిని వెదకి పట్టుట అసాధ్యము. అయినను తాళపుచెవి పొడవొక్కటియే రక్షణ కాదు: 2013లో ఆండ్రాయిడ్ ఫోన్లు యాదృచ్ఛిక సంఖ్యలను సరిగా పుట్టింపకపోవుటచే కొందరి బిట్‌కాయిన్లు అపహృతమయ్యెను. రాబోవు క్వాంటమ్ కంప్యూటరు ఆ తాళపుచెవులతో చేయు నేటి డిజిటల్ సంతకములను ఛేదింపగలదని పీటర్ షోర్ 1994లోనే నిరూపించెను. దానిని తట్టుకొను కొత్త ప్రమాణములు, సంవత్సరముల తరబడి బహిరంగ పరీక్షకు నిలిచి, 2024లో వెలువడెను.

భారత రిజర్వు బ్యాంకు 2022లో ప్రయోగాత్మకముగా ప్రారంభించిన డిజిటల్ రూపాయి మొదలుకొని ఏ దేశపు నాణెమునకైనను నేను చెప్పదలచినది ఒక్కటియే. కూలివాని కష్టార్జితమును కాపాడు తాళమును అందరి యెదుట నిలుపుడు. దానిని విఱుచుటకు పండితులను పిలుచుడు. విఱిగినచో మార్చుడు, విఱుగనంతకాలమే నమ్ముడు. భద్రమని ప్రకటించు అధికారము ఎవ్వరికిని సహజముగా రాదు. అది పరీక్షకు తలయొగ్గినవారికి మాత్రమే, ఆ పరీక్ష కొనసాగినంతకాలము మాత్రమే లభించును.