నావిగేషన్ పేన్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ నావిగేషన్ పేన్ గారి సముఖానికి, బనగానపల్లె డీటీపీ ఆపరేటరు నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా, ఊరి చరిత్ర మీద ఒక పెద్దాయన రాసిన మూడు వందల పేజీల పుస్తకాన్ని వర్డ్‌లో తెరిచి, కంట్రోల్ ఎఫ్ నొక్కి, పక్కన హెడింగుల పట్టీ చూపే మీ దర్శనానికొస్తే, ఇందులో హెడింగులే లేవని సెలవిచ్చారు. ఒక్కోటి 24 సైజులో, బోల్డులో, కింద గీతతో సహా ఉంది. ఎదురంగడిలోంచి చూసినా కనపడుతుంది! తమరికి లావుతో పని లేదట, స్టైల్ కావాలట. హెడింగ్ 1 అని ముద్ర పడందే ఎంతటి అక్షరమైనా తమ లెక్కలో నార్మలే.

సరే, కంట్రోల్ ఆల్ట్ 1 కొట్టి ముద్రలు వేశాం. యాగంటి అధ్యాయం పేరుతో పాటు నంది కథ సాంతం మీ ఇరుకు గదిలోకి వచ్చి కూర్చుంది. పేరు కింద ఎవరో ఎంటర్‌కు బదులు షిఫ్ట్ ఎంటర్ కొట్టారు, రెండూ ఒకే పేరా అయ్యాయి. మధ్యలో ఎంటర్ కొట్టి, కథను నార్మల్‌లోకి దించితే గానీ కదల్లేదు. బెలుం గుహల పేరును ముచ్చటపడి టెక్స్ట్ బాక్సులో పెట్టారు, అది మీకు ఆననే లేదు. ఇక మామిడి. 2017లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మా బేనిషాను యూనికోడ్ కాని పాత ఫాంటులో కొట్టడంతో, పేజీలో తెలుగుగానే ఉండి, మీ పట్టీలో మాత్రం అర్థంపర్థం లేని ఇంగ్లిషు అక్షరాల గుట్టగా దిగింది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చడం తప్ప దారి లేదు.

ఒక్క విషయంలో మాత్రం రెవెన్యూ శాఖ తమరి ముందు దిగదుడుపే. మా ఊరు నవాబుల కాలంలో సంస్థానం, అంటే సాక్షాత్తూ హెడింగ్ 1. 1948లో మద్రాసులో విలీనమై కర్నూలు జిల్లా కింద ఉపశీర్షికైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల కిందికి వచ్చింది. దానికి గెజిట్లు, అభ్యంతరాలు, అర్జీలు. మీ దగ్గరైతే పేరు పట్టుకుని లాగి వదిలితే చాలు, ఉపశీర్షికలూ పేరాలూ బుద్ధిగా వెంట నడుస్తాయి. విషయసూచిక ఒక్కటే ఎఫ్ 9 నొక్కేదాకా పాత పేజీ నంబర్లనే పట్టుకుని వేలాడుతుంది.

చివరగా చిన్న విన్నపం. పెద్దాయన రేపొచ్చి హెడింగులన్నీ ఎరుపు చేయమంటారు. హెడింగ్ 1 మీద రైట్ క్లిక్ చేసి, మాడిఫైలో రంగు మారిస్తే అన్నీ ఒక్క దెబ్బకు మారతాయి. నేను బిల్లు వేసేది హెడింగుకింతని. ఆ రహస్యం ఆయన చెవిన వేయకుండా ఉండ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు