జూబిలీహిల్స్ డిజైన్లకు అల్వాల్ ఉపకారవేతనం

మన నగరంలో కళాపోషణ అంతరించిపోయిందని బాధపడేవాళ్లు ఒకసారి అల్వాల్ రావాలి. మచ్చబొల్లారంలోనో, లోతుకుంటలోనో, వెంకటేశ్వరస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లోనో రెండొందల గజాల్లో ఇల్లు కట్టుకుని పెన్షన్ మీద కాలక్షేపం చేస్తున్న తండ్రి, తనకే తెలియకుండా, బంజారాహిల్స్ జూబిలీహిల్స్ ఆర్కిటెక్చర్ ఆఫీసులకు రాజపోషకుడు. ఐదేళ్లు బీ.ఆర్క్ చదివి ఉద్యోగంలో చేరిన కూతురికి ఆయనింట్లో అద్దె లేదు, అన్నానికి బిల్లు లేదు, స్కూటీ పెట్రోలు కూడా నెలాఖరులో ఆయన జేబులోంచే. అందుకే ఆఫీసువాళ్లు ఇచ్చేదాన్ని జీతమని పిలవడానికి ఎవరికీ నోరు తడబడటం లేదు. ఆ అమ్మాయి గీసిన విల్లా పత్రికలో అచ్చయినప్పుడు కింద బాసు పేరుంటుంది, ఫొటోగ్రాఫరు పేరుంటుంది, సోఫా ఏ షాపుదో కూడా ఉంటుంది. కృష్ణదేవరాయలవారు సైతం ఇంత నిష్కామంగా పోషించలేదు. ఆయనకు కావ్యాలు అంకితమైనా దక్కాయి.

ఇంతకీ ఉద్యోగులకు ఏం కావాలన్న ప్రశ్న మీద యజమానులు ఈమధ్య తెగ మథనపడుతున్నారు. ఆఫీసులో కాఫీ మెషీను పెట్టారు, గోడలకు మొక్కలు పాకించారు, శుక్రవారం రాత్రి పిజ్జా తెప్పిస్తున్నారు. (శుక్రవారం రాత్రి కూడా ఆఫీసులోనే ఉన్నవాళ్లకే అది దక్కుతుందన్నది వేరే సంగతి.) అయినా పిల్లలు నిలవడం లేదు. ఒకరు సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్క్రీన్ల డిజైనుకు, మరొకరు మాడ్యులర్ కిచెన్లు అమ్మే కంపెనీకి జారుకుంటున్నారు. 'ఈ తరానికి ప్యాషన్ లేదు' అని సభల్లో తీర్మానం కూడా అయిపోయింది. ఆ తరాన్నే అడిగితే వచ్చే జవాబు మాత్రం రెండు నిమిషాల్లో ముగుస్తుంది. జీతం చెప్పిన తేదీకి పడాలి. పని వేళ అయ్యాక ఇంటికి పోనివ్వాలి, ఉండమంటే ఉన్నందుకు డబ్బివ్వాలి. గీసినదాన్ని తాను గీశానని పోర్ట్‌ఫోలియోలో చూపించుకోనివ్వాలి. మానేసి వెళ్లేటప్పుడు అనుభవపత్రం కోసం నెలల తరబడి తిప్పించుకోకూడదు. ఇందులో మొక్కలు, పిజ్జా ఎక్కడా లేవు.

ఇవి గొంతెమ్మ కోరికలని ఎవరైనా అంటే వాళ్ల వృత్తి నియమాలనే వాళ్లకు చదివి వినిపించాలి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం డిగ్రీ చేతికొచ్చి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదైన నాటి నుంచే ఆ అమ్మాయి ఆర్కిటెక్టు. 'జూనియర్' అన్న తోక ఆఫీసు తగిలించింది గాని చట్టం కాదు. 1989లో వచ్చిన వృత్తి ప్రవర్తనా నియమావళి ఇంకా స్పష్టంగా చెప్పింది: ఆర్కిటెక్టు తన దగ్గర పనిచేసేవాళ్లకు తగిన పని వాతావరణం కల్పించాలి, న్యాయమైన ప్రతిఫలం ఇవ్వాలి, వృత్తిలో ఎదగడానికి తోడ్పడాలి, వాళ్ల పనిని గుర్తించి గౌరవించాలి. క్లయింటు దగ్గర కౌన్సిల్ ఫీజు పట్టికకు కట్టుబడాలన్న నిబంధన కూడా ఆ నియమావళిలోనే ఉంది. ఫీజు నిబంధన ప్రతి సదస్సులోనూ మారుమోగుతుంది. ఉద్యోగి నిబంధన దగ్గరికొచ్చేసరికి, సెట్‌బ్యాక్‌లో అర అడుగు తేడాను దూరం నుంచే పట్టేసే కళ్లకు మసక కమ్ముతుంది. ఇక పని గంటలంటారా, 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్ కట్టాలని ఉత్తర్వు ఇచ్చింది. కార్మిక సంఘాలు ఇది ఎక్కువని మండిపడ్డాయి. ఆర్కిటెక్చర్ ఆఫీసుల్లో పిల్లలు మాత్రం 'పదేనా!' అని ఆశ్చర్యపోయి ఉంటారు. ఆఫీసు వాణిజ్య సంస్థ కాదు, వృత్తి నిలయమని వాదించే లాయరు దొరక్కపోడు. అద్దె, కరెంటు బిల్లు మాత్రం వృత్తి నిలయానికి కూడా ప్రతినెలా వస్తాయి, టంచనుగా కడతారు కూడా.

ఇప్పుడు యజమానుల అసలు జవాబుకు వద్దాం, అందులో నిజం ఉంది కాబట్టి. 'క్లయింటు మాకే ఇవ్వడు, మేమెక్కడి నుంచి ఇవ్వాలి' అంటారు. అల్వాల్‌లో ఇల్లు కట్టుకునేవాడికి ఆర్కిటెక్టంటే ప్లాను కాగితం మీద సంతకం. మేస్త్రీని, వాస్తు పండితుణ్ణి నమ్మినంతగా ఆయన డిజైనరును నమ్మడు. పైగా 2020లో బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల విధానం వచ్చినప్పటి నుంచి 10 మీటర్ల ఎత్తులోపు, 600 గజాల్లోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి దొరుకుతోంది. కాబట్టి బేరం గట్టిగానే ఉంటుంది, కాదనను. కానీ వీళ్లు కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసి చెబుతున్నారు. ఫీజు తక్కువ కాబట్టి పిల్లల గంటలు ఉచితమయ్యాయంటున్నారు. పిల్లల గంటలు ఉచితం కాబట్టే ఫీజు తగ్గింది. ఎలివేషన్ ఎనిమిదోసారి మార్చమని క్లయింటు రాత్రి తొమ్మిదికి వాట్సాప్‌లో అడిగితే బాసు 'తప్పకుండా సార్' అంటాడు. ఆ మాటకు ఆయన జేబులోంచి పైసా పోదు మరి. మీటరు లేని బోరు నీళ్లతో కారు కడిగినట్టే. గంటకింత అని కట్టాల్సి వస్తే మూడో మార్పు దగ్గరే ఆయనకు ఒప్పంద పత్రం గుర్తొచ్చేది, నాలుగోదానికి రేటు చెప్పేవాడు. పక్క ఆఫీసు ఇంకా తక్కువకు చేస్తానన్నా ఆ తగ్గింపు ఆర్కిటెక్టు లాభంలోంచి రాదు, అక్కడి ఉద్యోగుల నిద్రలోంచే వస్తుంది. ఫీజులు పడిపోయాయని ఏడ్చే వృత్తి, తన సరుకును తానే రాత్రిపూట ఉచితంగా పంచిపెడుతోంది.

'నేర్పిస్తున్నాం కదా, అది చాలదా' అన్నది ఇంకో వాదం. నేర్చుకోవడానికి ఐదేళ్లు కాలేజీకి ఫీజు కట్టారు, ఒక సెమిస్టరు ప్రాక్టికల్ ట్రైనింగూ అయింది. రెండేళ్లపాటు టాయిలెట్ టైల్స్ డ్రాయింగే గీయిస్తే అందులో నేర్చుకునేది మొదటి నెలలోనే అయిపోతుంది. 'మేమూ ఇలాగే పైకొచ్చాం' అన్నదానికి జవాబు చెప్పడం దండగ. కోడళ్లను సాధించే అత్తలందరిదీ ఆ మాటే. డబ్బిస్తే గొప్ప డిజైను ఆగిపోతుందని భయపడేవాళ్లకు 2019 లండన్ సంగతి చెప్పాలి. అక్కడి సర్పెంటైన్ గ్యాలరీ పెవిలియన్ పని జపాన్ ఆర్కిటెక్టు జున్యా ఇషిగామికి దక్కింది. ఆయన ఆఫీసులో ఇంటర్న్‌లకు జీతమివ్వరని బయటపడేసరికి గొడవైంది. ఈ పనిలో ఎవరినీ ఉచితంగా వాడుకోకూడదని గ్యాలరీ తేల్చి చెప్పింది. పలకరాళ్ల కప్పుతో ఆ పెవిలియన్ ఆ వేసవిలోనే నిలబడింది. 2022లో న్యూయార్క్‌లో బెర్న్‌హైమర్ ఆర్కిటెక్చర్ సిబ్బంది యూనియన్ పెట్టుకుంటే యజమాని తనంతట తానే గుర్తించాడు.

ఇక మన అల్వాల్‌కు తిరిగొద్దాం. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చిలో అల్వాల్‌లోనే శంకుస్థాపన జరిగింది. అది పూర్తయితే ప్రయాణం సులువవుతుందని చాలామంది ఆశపడుతున్నారు. మన అమ్మాయికి ఒరిగేదేమీ లేదు, ఆమె ఇంటికి బయల్దేరే వేళకు రోడ్డెలాగూ ఖాళీయే. మరి ఆమెకు దారే లేదా అంటే, కాగితం మీద ఉంది: నియమావళి ఉల్లంఘించిన ఆర్కిటెక్టు మీద కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చట్టంలో విచారణకు ఏర్పాటుంది, దుష్ప్రవర్తన రుజువైతే పేరు కొట్టేసే అధికారమూ కౌన్సిల్‌కు ఉంది. కానీ ఫిర్యాదు రాయడానికి కూర్చున్న అమ్మాయి మొదట ఈ ఉద్యోగం మానేయాలి, తర్వాతి ఉద్యోగానికి ఆమెకు అనుభవపత్రం కావాలి. దాని మీద సంతకం పెట్టాల్సింది ఆ ఆర్కిటెక్టే.