ఆసనాచ్ఛాదన సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: “అన్ని బండ్లకు సరిపోవును. నీరు దిగదు. చిరకాలపు మన్నిక. ధర స్వల్పము.”

అవతారిక: విజయవాడ ఆటోనగరులో చిన్న ట్రక్కులకు ఆసనపు తొడుగులు, అనగా లోకవ్యవహారమున సీటు కవర్లు, అమ్ము అంగళ్ళలో ప్లాస్టిక్ సంచులపై నంటించిన చీటీలయందు ఈ మహావాక్యము దర్శనమిచ్చును. దానిపైని కిరీటపు బొమ్మయు, క్రింద బంగారురంగున ‘రాయల్’ అను బిరుదమును ఉండును. కొనవచ్చినవాడు నున్న మార్కెట్టుకు మామిడికాయలు తోలుకొనిపోవు సామాన్యుడు. సొనమరకయు చెమటయు సీటున కంటకుండ కాపాడు గుడ్డ వానికి కావలయునే గాని పట్టాభిషేకము కాదు. అయినను సరుకు చవుకైన కొలది బిరుదములు బరువెక్కుట ఈ వర్తకమున నియమము. మూలమున గణములు కుదురవు, యతి కానరాదు; కాని పాదములు నాలుగున్నవి గనుక పద్యమని కొందఱు, అమ్మువాడు చదువు రాగమును విన్నవారు గేయమని కొందఱు.

ప్రతిపదార్థము: ధర స్వల్పము = స్పష్టము. చిరకాలపు మన్నిక = సులభము. (అర్థము తెలియనిచోటనే ‘సులభము’ అని వ్రాసి ముందుకు సాగుట వ్యాఖ్యాతలకు పరంపరాగతమైన హక్కు.) నీరు దిగదు = రెక్సినులోనుండి దిగదు; కుట్టులలోనుండి దిగును.

ఇక ‘అన్ని బండ్లకు’. లక్షణమునకు, అనగా నిర్వచనమునకు, మూడు దోషములు గలవని తార్కికు లందురు. తర్కసంగ్రహకర్తయు మన యాంధ్రుడును అగు అన్నంభట్టు తన దీపికలో వీనికి గోవును ఉదాహరణముగ గైకొనెను. కొమ్ములు గలది గోవన్నచో గేదెయు గోవగును, ఇది అతివ్యాప్తి; కపిలవర్ణము గలది గోవన్నచో తెల్లయావు గోవు కాకపోవును, ఇది అవ్యాప్తి; చీలని గిట్ట గలది గోవన్నచో లోకమున గోవే యుండదు, ఇది అసంభవము. అంతటి పండితునకు ఈ మూడింటిని చూపుటకు మూడు వేర్వేఱు లక్షణములు కావలసి వచ్చెను. మన చీటీకర్తకు ఒక్క తొడుగు చాలినది. వీపు వెనుక జానెడు గుడ్డ మిగిలి మడతలు పడును: అతివ్యాప్తి. కూర్చుండుచోట ముందంచు వఱకు రాక క్రింది ఫోము కనబడును: అవ్యాప్తి. తల యానుటకై వేఱుగ కుట్టిన సంచి, హెడ్ రెస్టు వీపుతో నేకమై వచ్చిన బండికి దేనికిని పనికిరాక చేత మిగులును: అసంభవము.

విశేషము: చిన్న ట్రక్కులలో ప్రసిద్ధమైన టాటా ఏస్ 2005లో వెలువడినది. దానిని జనులు ‘ఛోటా హాథీ’ యందురు. ఏనుగు ప్రసక్తి వచ్చినపిమ్మట వ్యాఖ్యాత ఊరకుండుట ధర్మము కాదు. అమరసింహుడు తన కోశమున క్షత్రియవర్గమునందు ఏనుగువీపుపై పఱచు కంబళమునకు కుథము, ఆస్తరణము, పరిస్తోమము, ప్రవేణి, వర్ణము అని ఐదు పేర్లు చెప్పియున్నాడు. ఇందు కుథశబ్దము పుంలింగమునను స్త్రీలింగమునను గూడ చెల్లునట; అనగా ఒక్క మాట రెండు లింగములకు అమరినది, ఒక్క తొడుగు రెండు బండ్లకు అమరదు. మఱియు కుథమును గూర్చి ఆలోచింపదగిన సంగతి యొకటి కలదు. అది రాజవైభవమును లోకమునకు చాటును, నిజమే. కాని అంబారీ ఒరిపిడికిని త్రాళ్ళ బిగువునకును ఏనుగువీపు పుండు పడకుండ అడ్డుపడునదియు అదియే. హస్త్యాయుర్వేదమును చెప్పిన పాలకాప్యమహర్షి మొదలుకొని మావటివాని వఱకు అందఱకును ముఖ్యము ఏనుగు ఒడలే. గుడ్డ చినిగినచో ఇంకొకటి నేయవచ్చును, వీపు చినిగినచో సేన యాగిపోవును. బరువు మోయు ప్రాణికిని బరువునకును నడుమ మెత్తదనము నుంచుట ఆ కాలపు ఆచ్ఛాదనమునకు పరమార్థము. కావ్యవ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరి నిరాధారమైనదియు అనపేక్షితమైనదియు వ్రాయనని ప్రతిజ్ఞ చేసెను గాన, ఆయన ఈ ఏనుగును ఎప్పుడో వదలియుండును. సీటు కవర్లకు టీక వ్రాయువానికి అనపేక్షితమన్నది ఏమున్నది?

ప్రకృతమునకు వత్తము. నేటి ఆచ్ఛాదనము ఎవరినుండి ఎవరిని కాపాడుచున్నది? మనుష్యునినుండి సీటును! ఆ ఛోటా హాథీలో ఇంజను సీటుక్రిందనే యుండును. పైన మేనెల యెండ. నడుమ గాలి చొరని చవుక రెక్సిను. దానిపై ఉదయము మొదలు సరుకు దిగువఱకు కూర్చుండు డ్రైవరు. చొక్కా వీపున కంటుకొనును, తొడలు పొక్కును. పాపము అతడొక తువాలు తెచ్చి పఱచుకొనును. ఫ్యాక్టరీనుండి వచ్చిన ప్లాస్టిక్ పొరను యజమాని తీయనీయడు. దానిపై కవరు, కవరుపై తువాలు. సీటును కాపాడుటకు పొర, పొరను కాపాడుటకు కవరు, కవరునుండి మనిషిని కాపాడుటకు తువాలు! దీనినే శాస్త్రజ్ఞులు అనవస్థ యందురు. బండిని మరల అమ్మునాడు సీటు క్రొత్తదివలె మెఱయవలెనని యజమాని తలంపు. డ్రైవరు నడుమునకు సెకండ్ హ్యాండు ధర లేదు గనుక దాని కెవరును తొడుగు కొనరు.

ప్రయోగము: కొనదలచినవాడు చీటీని చదువక టేపు తీసికొని వీపు ఎత్తును, కూర్చుండుచోటి వెడల్పును లోతును కొలిచి, ఆ కాగితముతో అంగడికి పోవలెను. డ్రైవరు ప్రక్కన ఇద్దఱు కూర్చుండు పొడుగు సీటున్న బండికి విడివిడి సీట్ల జత పనికిరాదు. మన బండ్లలో డ్రైవరు కుడిప్రక్కనుండి ఎక్కి దిగును గనుక కవరు మొదట చినుగునది సీటు కుడియంచుననే. అచ్చట జంటకుట్టు లేని సరుకును తిరిగి మడిచిపెట్టి రావలెను. కూర్చుండుచోట దళసరి నూలుగుడ్డయో క్యాన్వాసో, ప్రక్కల రెక్సిను, ఈ రీతిగ కొలతకు కుట్టించుకొన్నచో ఖర్చు కొంత పెరిగినను డ్రైవరునకు చెమట ఆఱును. తొడుగునప్పుడు ముందు వీపును, పిదప క్రింది భాగమును బిగించి, ఎలాస్టిక్కు కొక్కెములను సీటుక్రింది చట్రమునకు తగిలింపవలెను గాని వైర్లకు తగిలింపరాదు. ఇంజను చూచుటకు సీటు ఎత్తవలసిన బండిలో రెండు సీట్లను కలిపి కట్టినచో దారిలో మెకానిక్కు మొదటిపని కత్తెర వెదకుటయే. ఇక బెల్టు బకిలు! ‘అన్ని బండ్లకు’ సరిపోవు తొడుగున దానికి రంధ్రమే యుండదు. బకిలు గుడ్డక్రింద సమాధియగును. బెల్టు పెట్టుకొనలేదని డ్రైవరు చలాను కట్టును, దెబ్బ తగిలినచో ఆసుపత్రియు అతనిదే. కత్తితో రంధ్రము చేసి అంచు కుట్టించుట ఐదు నిమిషముల పని. బంగారురంగు కిరీటము అచ్చువేయించినవానికి ఈ ఐదు నిమిషములు ఎందుకు దొరకలేదో ఏ కోశమునను కానరాదు.

తాత్పర్యము: తాత్పర్యము చీటీపై లేదు, బిల్లు అడుగున నున్నది. “అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు.” అన్వయక్లేశము లేదు, పాఠాంతరము లేదు, అతివ్యాప్తి లేదు, అంగడియంతయు గాలించినను టీక అక్కఱలేని వాక్యము అదొక్కటియే.