గోడ కడిగినంత: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక. నోయిడాలో దీపావళి దగ్గర పడుతుంటే ఇరవై అంతస్తుల సొసైటీలకు బయటి గోడలు కడిగించాలని బుద్ధి పుడుతుంది. టెర్రసు మీంచి తాళ్లు జారతాయి. చెక్కపలక మీద కూర్చున్న కుర్రాడు ప్రెషర్ గన్ పట్టుకుని అంతస్తు తరువాత అంతస్తు దిగుతుంటాడు. అతని ప్రాణం తాడు మీద ఉంటే, కింద నిలబడ్డ అంకుల్స్ ప్రాణం గోడ మీద ఉంటుంది. అలా కడిగించిన ఒక సొసైటీ లిఫ్టులో "పని సంతృప్తికరంగా పూర్తయినది" అని నోటీసు అతికించగా, దాని కింది ఖాళీలో ఎవరో తెలుగువాడు బాల్‌పెన్నుతో రాసిన ఆటవెలది ఇది. కర్త పేరు తెలియదు. మెయింటెనెన్స్ బకాయి ఉన్నవాడని శైలి చెబుతోంది.

గోడ కడిగినంత కొత్తవి మరకలు
పాత దుమ్ము వెనుక పైకి వచ్చె
నీరు కాదు దోషి నీ గోడ చరితంబు
నోయిడా నివాసి నొచ్చుకోకు

ప్రతిపదార్థం. నోయిడా నివాసి = యమునకూ హిండన్ నదికీ నడుమ, 1976లో పుట్టిన పారిశ్రామిక నగరంలో ఈఎంఐ కడుతూ వసించువాడా!; గోడ = నీ అపార్టుమెంటు బయటి గోడను; కడిగినంత = డబ్బిచ్చి మరీ కడిగించగానే; కొత్తవి = నిన్నటిదాకా కంటికి కనబడని; మరకలు = తెలుపు, పసుపు, నలుపు, పచ్చ చారలు; పాత దుమ్ము వెనుక = ఏళ్ల తరబడి పేరుకున్న ధూళి చాటునుండి; పైకి వచ్చె = బయటపడ్డాయి; నీరు = కడిగిన నీరు; దోషి కాదు = తప్పు చేసినది కాదు; నీ గోడ చరితంబు = నీ గోడ గడిపిన బతుకే (ఆ దోషి); నొచ్చుకోకు = బాధపడకు, అనగా కాంట్రాక్టరు బిల్లు ఆపకు.

తాత్పర్యం. మరకలు కడగడం వల్ల పుట్టలేదు, కడగడం వల్ల కనబడ్డాయి అని భావం.

పాఠాంతరం. మూడవ పాదంలో "నీ గోడు చరితంబు" అని పై అంతస్తుల వారి పాఠం. ఛందస్సు చెడదు, అర్థమూ చెడదు. అయినా ప్రాచీన ప్రతిలో "గోడ" అనే ఉన్నందున దానినే గ్రహించాం.

విశేషాలు. "పాత దుమ్ము" అన్నచోట కవి మాటను తేలికగా తీసుకోరాదు. మే, జూన్ నెలల్లో పడమటి నుంచి లేచే దుమ్ముగాలి, ఎప్పటికీ పూర్తికాని కట్టడాల సిమెంటు ధూళి, నవంబరు పొగ, ఇవన్నీ కలిసిన పదార్థమది. దుమ్ముకు ఇక్కడ చరిత్ర కూడా ఉంది. 2022 ఆగస్టు 28న మధ్యాహ్నం రెండున్నరకు సెక్టార్ 93ఎలో సుమారు వంద మీటర్ల ఎత్తైన జంట టవర్లను సుప్రీం కోర్టు ఆజ్ఞ మేరకు కూల్చారు. దాదాపు 3,700 కిలోల పేలుడు పదార్థం వాడితే సుమారు 80,000 టన్నుల శిథిలం మిగిలింది. పక్క భవనాలకు ముందే ముసుగు వస్త్రాలు కప్పారు. కూల్చిన తరువాత రోడ్లనూ చెట్లనూ కూడా నీళ్లు కొట్టి కడిగారు. దుమ్ముకు ఒక సుగుణం ఉంది: అది పక్షపాతం లేకుండా గోడంతా సమంగా పడుతుంది. అందుకే కొన్నాళ్లకు దాన్ని ఎవరూ మురికి అనరు, పెయింటు షేడ్ అంటారు.

"కొత్తవి" అన్న పదం దగ్గర ఒక శంక. కడిగిన పూట గోడ తళతళలాడింది గదా, ఎండాక తెల్లని పూత ఎక్కడినుండి వచ్చింది? సమాధానం: సిమెంటులో సున్నపు అంశ ఉంటుంది, ఇటుకలోనూ ఇసుకలోనూ లవణాలుంటాయి. ప్రెషర్ గన్ నీరు పగుళ్లలోంచి గోడ లోపలికి దూరుతుంది. ఎండ కాసినప్పుడు ఆ నీరు లవణాలను వెంటబెట్టుకుని బయటికి వస్తుంది. నీరు ఆవిరైపోతే ఉప్పు మిగులుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిస్తే గట్టి తెల్లపొర అవుతుంది. పొడిగా ఉండగా బ్రష్షుతో దులిపితే పోయే ఉప్పును మళ్లీ నీళ్లతో కడిగితే, కొంత తిరిగి లోపలికే పోతుంది. ఎండాక మళ్లీ వస్తుంది.

తెలుపులో ఇంకొక రకం ఉంది. అరచేతితో గోడను రుద్ది చూడండి. బడిలో డస్టరు పట్టుకున్నట్టు చేతికి పొడి అంటితే, ఎండకు పెయింటులోని జిగురు చచ్చిపోయి రంగుపొడి మాత్రమే మిగిలిందన్నమాట. అలాంటి గోడ మీద గన్ను ఒకచోట దగ్గరగా, ఒకచోట దూరంగా తిప్పితే చారలు పడతాయి. పులికి అందం, గోడకు కాదు. దానికి మందు మళ్లీ కడగడం కాదు, మళ్లీ పెయింటు వేయడమే.

నలుపు, పచ్చ వన్నెలు నాచువీ బూజువీ. ఎండ తగలని ఉత్తరపు గోడ మీదా, ఏసీ పైపు చివర కిందా అవి కాపురముంటాయి. కిటికీ కింది రాయి అడుగున నీటిధారను తెంపే సన్నని గాడి పెట్టడం మేస్త్రీ మరిచిపోతే, ప్రతి వర్షమూ గోడను నాకుతూనే దిగుతుంది. ఇక పసుపు: ఏసీ పెట్టె మోసే ఇనుప చట్రానికి నాలుగు బోల్టులుంటాయి, వాటిలో ఒక్కటి తుప్పు పట్టినా చాలు, దాని కిందినుండి గోధుమరంగు గీత రెండంతస్తులు నడుస్తుంది.

ఇంతవరకు కవితో మాకు పేచీ లేదు. కానీ "నీరు కాదు దోషి" అని తీర్పు చెప్పేశాడు చూశారూ, అక్కడ వ్యాఖ్యాత అంగీకరించడు. నీరు ఎక్కడిదో కవి చెప్పలేదు. బోరు నీరైతే, అది ఎంత కఠినమో ఇంట్లో గీజరు రాడ్డును అడిగితే చెబుతుంది. అద్దాల మీద ఆరనిస్తే అదే తెల్లచుక్కలవుతుంది. ఆ నీటిలో ఏం కలిపారో కూడా చెప్పలేదు. నాచు పోవడానికి బ్లీచు కొడతారు. అది నాచును చంపుతుంది గాని తుప్పు నీటిని గోధుమరంగుకు ముదురుస్తుంది. తుప్పుకు ఆక్సాలిక్ ఆమ్లం వాడాలి. తొందర పడినవాడు తేజాబ్ పోస్తాడు. తేజాబ్ అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం; అది ఇసుకరాయిలోని ఇనుమును కదిపి పసుపు మరకను కొత్తగా పుట్టిస్తుంది, అల్యూమినియం చట్రాలను తినేస్తుంది. బ్లీచు, తేజాబ్ రెండూ ఒకే బకెట్లో కలిస్తే క్లోరిన్ వాయువు లేస్తుంది, తాడు మీది కుర్రాడు పారిపోవడానికి దారి ఉండదు. కాబట్టి "నీరు మాత్రమే కాదు దోషి" అని చదువుకోవడం న్యాయం. ఛందస్సు ఒప్పుకోదు, ఒప్పుకోకపోనీ.

మరక గోడ మీద ఉన్నా దాని మూలం వేరేచోట ఉండవచ్చు అనడానికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. నోయిడా దాటిన యమునే ఆగ్రాలో తాజ్ మహల్ వెనుక పారుతుంది. 2016లో ఆ పాలరాతి మీద పచ్చని మరకలు కనబడ్డాయి. నదిలో పెరిగిన పురుగుల విసర్జన అది. కడిగితే పోయాయి, మళ్లీ వచ్చాయి. గోడను ఎంత తుడిచినా మురికి నదిలోనే ఉంది గదా. అక్కడి పురావస్తు శాఖ వారు పాత పసుపుదనానికి 1994 నుంచి ముల్తానీ మట్టి పట్టు వేస్తున్నారు. తేజాబ్ సీసా తీయలేదు.

అలంకారం: అపహ్నుతి. ఉన్నదాన్ని కాదని వేరొకదాన్ని చూపడం దాని లక్షణం. కాంట్రాక్టర్లకు మిక్కిలి ఇష్టమైన అలంకారమిది. రసం: సొసైటీ మీటింగు దాకా రౌద్రం, బిల్లు చూశాక కరుణం.

ఫలశ్రుతి. ఈ పద్యం చదివిన సొసైటీవారు టెండరు పిలిచే ముందు ఏసీ పైపులను గొట్టంలోకి మళ్లించుదురు గాక, తుప్పు బోల్టులు మార్చుదురు గాక, పగుళ్లు పూడ్చుదురు గాక. ఉత్తరపు గోడ మీద ఒక మంచమంత చోటు ముందు కడిగించి, అది పూర్తిగా ఎండేదాకా ఆగి, ఫోటో తీసి, ఆ తరువాతే మిగిలిన గోడకు అడ్వాన్సు ఇవ్వండి.